ఆర్‌వీ క్యాంప్‌గ్రౌండ్ మెంబర్‌షిప్: ఏడాది డబ్బు కట్టేముందు వేసుకోవాల్సిన లెక్క

నమస్తే అండి. చలి తగ్గి ఆర్‌వీలు, అంటే పడక, వంటగది ఉన్న ట్రైలర్లు, బయటికి తీసి క్యాంప్‌గ్రౌండ్లకి (వాటిని నిలుపుకుని ఉండే పార్కులకి) వెళ్లే రోజులు రాగానే, అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒక మాట మొదలవుతుంది. "క్యాంప్‌గ్రౌండ్ మెంబర్‌షిప్‌కి ఏడాదికి ఏడొందల డాలర్లు కట్టేస్తే చాలు, ఇక ఎన్ని రాత్రులున్నా పైసా ఇవ్వక్కర్లేదట!" వెంటనే కింద పది మంది "లింక్ పెట్టండి" అంటారు. ఒక్కరు కూడా "మీరు ఏడాదిలో ఎన్ని రాత్రులు వెళ్తారు, ఏ రోజుల్లో వెళ్తారు?" అని అడగరు. నాకు బాధ కలిగేది అక్కడే. ఈ వీడియో దాని కోసమే. హుకప్పులు (నీళ్లు, కరెంటు కనెక్షన్లు), డంప్ స్టేషన్లు (మురుగు వదిలే చోట్లు), లెవెలింగ్ (బండిని సమంగా నిలపడం) మీకు తెలిసిన సంగతులే కాబట్టి నేరుగా డబ్బు దగ్గరికి వచ్చేద్దాం.

మీలో చాలామంది అమీర్‌పేటలోనో, ఎస్సార్ నగర్‌లోనో హాస్టల్లో ఉండి కోర్సులు చేసినవాళ్లే. మెస్ కార్డు గుర్తుందా? నెలకి అరవై పూటలు, ముందే డబ్బు కట్టాలి. విడిగా ప్లేట్ మీల్స్ తినేదానికంటే పూటకి చాలా తక్కువ పడుతుంది. కాగితం మీద ఆ లెక్కలో తప్పేం లేదు. కానీ శనివారం ఊరికెళ్తాం, ఆదివారం రాత్రి మెస్ మూసేస్తారు, క్లాస్ ఆలస్యమైన రోజు బయట ఏదో తినేస్తాం. నెలాఖరుకి చూస్తే అరవైలో ముప్పై ఐదు పూటలే తిని ఉంటాం. కార్డు మొత్తాన్ని అరవైతో కాకుండా ఆ ముప్పై ఐదుతో భాగించి చూస్తే, ప్లేట్ మీల్సే చవక అని తేలేది చాలామందికి.

క్యాంప్‌గ్రౌండ్ మెంబర్‌షిప్ అచ్చంగా ఈ మెస్ కార్డే. ఈ వీడియో అయ్యేదాకా దాన్ని గుర్తుపెట్టుకోండి.

ఉదాహరణకి అందరూ అడిగే థౌజండ్ ట్రైల్స్ అనే క్యాంప్‌గ్రౌండ్ల సంస్థని తీసుకుందాం. 1969లో వాషింగ్టన్ రాష్ట్రంలోని చెహేలిస్ దగ్గర మొదలైంది. ఇప్పుడు ఈక్విటీ లైఫ్‌స్టైల్ ప్రాపర్టీస్ అనే పెద్ద కంపెనీ చేతిలో ఉంది. దేశాన్ని జోన్లుగా విడగొట్టి, ఒక జోన్‌కి ఏడాది క్యాంపింగ్ పాస్ అమ్ముతారు. రేటు ఆఫర్లను బట్టి మారుతూ ఉంటుంది కాబట్టి లెక్క కోసం 700 డాలర్లు అనుకుందాం. టెక్సాస్‌లో లేక్ టెక్సోమా, లేక్ టావకోని, లేక్ విట్నీ, లేక్ కాన్రో, మెడీనా లేక్ లాంటి చోట్ల వీళ్ల పార్కులున్నాయి. చెట్లు, చెరువు, స్విమ్మింగ్ పూల్, పిల్లలకి బాగుంటుంది. పార్కులు బాగోలేవని నేననడం లేదు.

అమ్మేవాళ్లు చూపించే లెక్క ఇలా ఉంటుంది. ప్రైవేట్ క్యాంప్‌గ్రౌండ్ రాత్రికి 60 డాలర్లు. ఏడాదికి 30 రాత్రులు ఉంటే 1800. పాస్‌కి 700 పోగా మీకు 1100 మిగిలింది. అరవై పూటల లెక్క ఇదే.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉండే ఒక కుటుంబం అనుకోండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు, పిల్లలిద్దరూ బడికి వెళ్తారు. ఏడాదికి పది ట్రిప్పులు, ట్రిప్పుకి రెండు రాత్రులు, మొత్తం 20 రాత్రులు. నిజానికి ఇది చాలా ఉత్సాహంగా తిరిగే కుటుంబం. అందులో నాలుగు ట్రిప్పులు స్ప్రింగ్ బ్రేక్, మెమోరియల్ డే, జులై 4, లేబర్ డే. ఆ రోజుల్లో ఊరంతా చెరువు దగ్గరే ఉంటుంది. క్యాంపింగ్ పాస్ ఉన్నవాళ్లు 60 రోజుల ముందునుంచి బుక్ చేసుకోవచ్చు. కానీ ఇంకా ఎక్కువ డబ్బు పెట్టి పై స్థాయి మెంబర్‌షిప్ కొన్నవాళ్లకి అంతకంటే ఎంతో ముందే బుకింగ్ మొదలవుతుంది. మెస్‌లో రెండు వరుసలుండి, మొదటి వరుసవాళ్లు తిన్నాక మిగిలితే మనకి వడ్డించినట్టు. పండగ రోజు పప్పన్నం వాళ్లకి, చారు మనకి.

ఆ ఎనిమిది రాత్రులూ తీసేయండి. మరో రెండు ట్రిప్పులు పిల్లలు అడిగే చోట్లకి వెళ్తాం: బిగ్ బెండ్, పాలో డ్యూరో కాన్యన్ లాంటివి. అక్కడ నేషనల్ పార్క్, స్టేట్ పార్క్ సైట్లు (బండి నిలుపుకునే చోట్లు) కావాలి, ఈ పాస్ పనికిరాదు. ఇంకో నాలుగు రాత్రులు పోయాయి. మిగిలింది 8 రాత్రులు. 700ని 8తో భాగిస్తే రాత్రికి 87 డాలర్ల పైనే పడింది. 60 డాలర్ల ప్రైవేట్ పార్కు తప్పించుకుందామని 87 కట్టాం.

[తెరపై: 700 ÷ 30 = సుమారు 23. 700 ÷ 8 = 87.50]

ఇక్కడ ఇంకో పొరపాటు ఉంది. పాస్ లేకపోతే మీరు నిజంగా ఎక్కడ ఉండేవాళ్లు? 60 డాలర్ల చోటా, 30 డాలర్ల చోటా? రూములో కుక్కర్, బియ్యం ఉన్నవాడికి మెస్ కార్డు విలువ వేరు, ఏమీ లేనివాడికి వేరు. మీరు మామూలుగా 60 డాలర్ల పార్కుల్లో ఉండేవాళ్లయితే 12 రాత్రులకి 700 తిరిగి వచ్చేస్తుంది. స్టేట్ పార్కులో 35కే కరెంటు ఉన్న సైటు దొరికించుకునే అలవాటుంటే 20 రాత్రులు కావాలి. అదీ పాస్ చెల్లే పార్కుల్లో, పాస్ చెల్లే రోజుల్లో, మీరు ఎలాగూ వెళ్లాలనుకున్న 20 రాత్రులు. "డబ్బు కట్టాం కదా, వెళ్దాం పద" అని వెళ్లిన రాత్రుల్ని లెక్కలో కలపకండి. కార్డు వృథా అవుతుందని ఆకలి లేకున్నా తినడం పొదుపు కాదు.

దూరం సంగతి అసలెవరూ చెప్పరు. ఫ్రిస్కో నుంచి లేక్ కాన్రోకి రానుపోను నాలుగొందల మైళ్లు దాటుతుంది. వెనక ట్రైలర్ ఉంటే చాలా ట్రక్కులు గ్యాలన్‌కి పది మైళ్ల దగ్గరే ఆగిపోతాయి. గ్యాలన్ 3 డాలర్లు అనుకున్నా 120 డాలర్లు రోడ్డు మీదే అయిపోయాయి. ఆటో ఎక్కి మెస్‌కి వెళ్లి తినడమే కదా ఇది. మరోవైపు లూయిస్‌విల్ లేక్ మీద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (డ్యాములు, చెరువులు చూసే అమెరికా సైన్య విభాగం) వాళ్ల హికరీ క్రీక్ పార్క్ ఫ్రిస్కోకి దగ్గర్లోనే ఉంది.

ఆ పేరు వచ్చింది కాబట్టి, మన ఇళ్లలో చాలామంది వాడుకోని ఒక విషయం చెప్పాలి. మీ అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు ఉందా, 62 ఏళ్లు నిండాయా? అయితే ఫెడరల్ ప్రభుత్వం తన పార్కులకి ఇచ్చే సీనియర్ పాస్ తీసుకోండి. జీవితకాలానికి 80 డాలర్లు, ఏడాదికే కావాలంటే 20. అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే ఇస్తారు, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇవ్వరు. నేషనల్ పార్కుల్లోకి ప్రవేశమే కాదు, చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో సైటు ఫీజు సగానికి తగ్గుతుంది. ఆర్మీ కోర్ పార్కుల్లో కూడా. పాస్ ఉన్న పెద్దవాళ్లు మీతో పాటు రావాలి, వాళ్లుండే సైటుకే తగ్గింపు. తాతయ్య, నానమ్మ ఉన్న ఇంటికి దీనికి మించిన మెంబర్‌షిప్ లేదని నా గట్టి నమ్మకం. మామూలు 80 డాలర్ల వార్షిక నేషనల్ పార్క్ పాస్ వేరు. అది ప్రవేశ రుసుముకే, క్యాంపింగ్‌కి కాదు. ఈ రెంటినీ కలిపేసి గేటు దగ్గర వాదన పెట్టుకోకండి.

టెక్సాస్‌లో ఉంటే స్టేట్ పార్క్స్ పాస్ కూడా చూడండి. ఏడాదికి 70 డాలర్లు. ఇక్కడ సైటు ఫీజు కాకుండా పెద్దవాళ్లకి తలకి ఇంత అని రోజూ ప్రవేశ రుసుము ఉంటుంది, పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకి లేదు. ఈ పాస్ ఉంటే ఆ రుసుము కట్టక్కర్లేదు. మీరిద్దరు, అమ్మానాన్నలు, మొత్తం నలుగురు. తలకి 7 డాలర్లున్న పార్కులో రోజుకి 28 అవుతుంది. రెండు ట్రిప్పులకే 70 తిరిగి వచ్చేస్తుంది. పైగా కొన్ని సగం రేటు క్యాంపింగ్ కూపన్లు కూడా ఇస్తారు. బుకింగ్ ఐదు నెలల ముందు తెరుస్తారు, ఆ తేదీ ఫోన్లో పెట్టుకోండి. మంచి వీకెండ్లు తొందరగా అయిపోతాయి.

మరి థౌజండ్ ట్రైల్స్ ఎవరికి పనికొస్తుంది? చాలామందికే పనికొస్తుంది. పూర్తిగా ఇంటి నుంచే పని చేసేవాళ్లు, రిటైరైనవాళ్లు, ఆర్‌వీలోనే కాపురం పెట్టినవాళ్లు. నెల కార్డు తీసుకుని రెండు పూటలా అక్కడే తినేవాడికి మెస్ ఎప్పుడూ నష్టం కాదు. ఏడాదికి 60 రాత్రులు ఉంటే రాత్రికి 12 డాలర్లు కూడా పడదు. ఆ ధరకి నీళ్లు, కరెంటుతో సైటు దొరకడం చాలా అరుదు. కాకపోతే నిబంధన చూసుకోండి. ఒక పార్కులో 14 రాత్రుల దాకా ఉండొచ్చు, ఆ తర్వాత 7 రాత్రులు వాళ్ల పార్కులన్నిటికీ బయట ఉండాలి. నాలుగు రాత్రులు, అంతకంటే తక్కువ ఉంటే ఈ ఎడం లేకుండా ఇంకో పార్కుకి వెళ్లిపోవచ్చు. ఆ ఏడు రాత్రుల ఖర్చుని కూడా లెక్కలో వేయాలి. బయటి వారాల్లో కోర్ ఆఫ్ ఇంజనీర్స్ పార్కో, ప్రభుత్వ భూముల్లో డబ్బు కట్టకుండా ఉండే చోటో చూసుకోగలిగినవాళ్లకి ఇది అద్భుతంగా కుదురుతుంది.

ఇంకో చిన్న విషయం. చాలా పార్కుల్లో సైటు నంబర్ ముందే ఇవ్వరు, వెళ్లి ఖాళీగా ఉన్నది ఎంచుకోవాలి. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి రాత్రి తొమ్మిదికి చేరేవాళ్లకి వంకర సైట్లు, కరెంటు తక్కువ అందే 30 ఆంప్స్ సైట్లు మిగులుతాయి. టెక్సాస్ ఆగస్టులో రెండు ఏసీలు నడవాలంటే 50 ఆంప్స్ కావాలి కదా. కాబట్టి కొనేముందు మీరు ఎక్కువగా వెళ్లే పార్కుకి ఫోన్ చేసి, "శుక్రవారం రాత్రి తొమ్మిదికి ముప్పై అడుగుల ట్రైలర్‌తో వస్తే మాకేం దొరుకుతుంది?" అని అడగండి. ఆఫీసులో ఉండేవాళ్లు చాలావరకు ఉన్నదున్నట్టు చెప్తారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

పాస్‌పోర్ట్ అమెరికా: ఇదో తగ్గింపు క్లబ్బు. ఏడాదికి 50 డాలర్ల దగ్గర్లో ఉంటుంది, అందులో చేరిన పార్కుల్లో సగం రేటు. 60 డాలర్ల పార్కులో రెండు రాత్రులుంటే ఖర్చు వచ్చేసింది. కానీ చాలా పార్కులు శుక్ర, శనివారాల్లో, పండగల్లో తగ్గింపు ఇవ్వవు, ఒక్కో పార్కుకి ఒక్కో షరతు. వారం మధ్యలో ప్రయాణం చేసేవాళ్లయితే కళ్లు మూసుకుని తీసుకోండి.

కేవోఏ, గుడ్ సామ్: మొదటిది క్యాంప్‌గ్రౌండ్ల చైన్, రెండోది ఆర్‌వీ క్లబ్బు, రెండిట్లోనూ తగ్గింపు కొద్ది శాతమే. పది శాతం అనుకుంటే 70 డాలర్ల సైటుకి 7 డాలర్లు. ఫీజుని 7తో భాగించండి, అన్ని రాత్రులు ఆ పార్కుల్లో ఉంటారో లేదో మీకే తెలుస్తుంది.

హార్వెస్ట్ హోస్ట్స్: ద్రాక్షతోటలు, పొలాలు, బ్రూవరీల (బీరు తయారుచేసే చోట్ల) దగ్గర బండి నిలుపుకుని ఒక్క రాత్రి ఉండే మెంబర్‌షిప్. హుకప్ ఉంటుందని అనుకోవద్దు, బండిలో టాయిలెట్ ఉండాలి, వాళ్ల దగ్గర ఏదైనా కొనడం మర్యాద. దూర ప్రయాణంలో మధ్యలో ఆగడానికి నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది. పిల్లలతో రెండు రోజులు గడపడానికి మాత్రం కాదు.

చివరిది చాలా ముఖ్యం. పార్కులో ఉండగా "ఒక గంట ప్రెజెంటేషన్‌కి రండి, గిఫ్ట్ ఇస్తాం" అంటారు. అక్కడ అమ్మేది వేల డాలర్ల అప్‌గ్రేడ్, అంటే పై స్థాయి మెంబర్‌షిప్, దానిమీద ప్రతి ఏడాదీ కట్టాల్సిన రుసుము (డ్యూస్), అది పెరుగుతూ పోతుంది. ఆ రోజు సంతకం పెట్టకండి. కాంట్రాక్ట్ ఇంటికి తెచ్చుకుని, రద్దు చేసుకోవడానికి ఎన్ని రోజుల గడువుందో చదవండి. అదే మెంబర్‌షిప్ వదిలించుకోవాలనుకునేవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో ఎంతకి అమ్ముతున్నారో చూడండి. బదిలీ ఫీజు ఎంతో, పాతవాళ్ల సదుపాయాల్లో ఏవి మీకు వస్తాయో రాతపూర్వకంగా తీసుకోండి. మామూలు పాస్ కొన్నా సరే, ఆటో రెన్యువల్ ఉందేమో ఆ రోజే చూసి ఆపేయండి.

మీ ఊరు, ట్రైలర్ పొడవు, ఏడాదిలో మీరు వెళ్లే నెలలు, మామూలుగా రాత్రికి ఎంత కడతారో కామెంట్లలో రాయండి. వీలైనన్ని లెక్కలు వేసి అక్కడే జవాబిస్తాను.