శ్రీలంకను చెరువు కట్ట మీద నిలబడి చూద్దాం

నమస్కారం అండీ. పెద్ద ఇల్లు కనిపిస్తే మనవాళ్లు "లంకంత కొంప" అంటారు. గోదావరి మధ్యలో మేట వేసి తేలిన నేలను కూడా లంక అనే అంటాం. అంత దగ్గరి మాట మనకిది. కానీ శ్రీలంక అనగానే గుర్తొచ్చేవి రామాయణం, క్రికెట్, బీచ్ ఫోటోలు, టీ పొడి. అక్కడితో ఆగిపోతాం.

నేను చెరువు కింద పొలం ఉన్న ఇంట్లో పుట్టాను. నీరు వదిలే తూము, నిండితే పొర్లే మత్తడి, నీళ్లు నిలిచే శిఖం, నీళ్లు పంచే నీరటి... ఈ మాటలు నాకు బడికి పోకముందే వచ్చాయి. అందుకే శ్రీలంక గురించి చదవడం మొదలుపెట్టాక అది పరాయి దేశం అనిపించలేదు. ఈ వీడియోలో ఆ దేశాన్ని నాకు తెలిసిన దారిలో, అంటే చెరువు కట్ట మీదుగా చూపిస్తాను.

ముందు మ్యాప్ చూడండి. మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ కంటే చాలా చిన్నది. మధ్యలో, కాస్త దక్షిణానికి జరిగి, కొండలు. అందులో అన్నిటికన్నా ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబర్ దాకా వచ్చే నైరుతి రుతుపవనాలు ఈ కొండలకు తగిలి నైరుతి మూలనే కురిసేస్తాయి. కొలంబో, గాలే, టీ తోటల్లో చాలా భాగం అటువైపే. కొండ దాటాక అవి పొడి గాలులు. ఉత్తరం, తూర్పు కలిపి దేశంలో మూడింట రెండొంతుల నేలకు వాన అంటే ముఖ్యంగా అక్టోబర్ తర్వాత, ఈశాన్యం వైపు నుంచి వచ్చేదే. కొన్ని నెలలు కుండపోత, మిగతా నెలలు ఎండ. దీన్ని వాళ్లు డ్రై జోన్ అంటారు.

ఇప్పుడు అసలు విషయం. తొలి పెద్ద నాగరికత వానలు దండిగా పడే నైరుతిలో పుట్టలేదు. ఈ పొడి నేల మీదే పుట్టింది. అనురాధపురం క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 10వ శతాబ్దం చివరిదాకా రాజధాని. ఆ తర్వాత పొలొన్నరువ. రెండూ డ్రై జోన్‌లోనే ఉన్నాయి. ఎలా నిలబడ్డాయి అంటే, చెరువులతో. సింహళంలో చెరువును "వెవ" అంటారు. అనురాధపురం చుట్టూ అభయ వెవ, తిస్స వెవ రెండు వేల ఏళ్లకు పైగా ఉన్నాయి. ఇప్పటికీ నీళ్లున్నాయి.

తిస్స వెవ తవ్వించిన దేవానాంపియ తిస్సుడి కాలంలోనే, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో, అశోకుడి కొడుకు మహిందుడు మిహింతలె కొండ మీద రాజుకు బౌద్ధం బోధించాడని అక్కడి చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఆ తర్వాత అశోకుడి కూతురు సంఘమిత్ర బోధి చెట్టు కొమ్మ తెచ్చి నాటించింది. ఆ చెట్టు అనురాధపురంలో ఇంకా బతికే ఉంది. అప్పటినుంచి ఊరంటే నాలుగు కలిసి ఉండాలని అక్కడ ఒక నానుడి: "వెవయి దాగబయి, గమయి పన్సలయి." చెరువూ స్తూపమూ, ఊరూ ఆరామమూ. ఆ నానుడిలో చెరువు పేరే ముందుంది, గమనించండి.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల కాలంలో, సింహళ విహారం అని ఒకటి ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం తాంబపణ్ణి, అంటే లంక, నుంచి వచ్చిన ఆచార్యుల గురించి మాట్లాడుతుంది. క్రీస్తుశకం 3వ శతాబ్దం మాట ఇది. కృష్ణ ఒడ్డున మనకు లంక భిక్షువుల పొరుగు ఉండేదన్నమాట. ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది.

సరే, కలా వెవకు వెళ్దాం. 5వ శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన చెరువు. దాన్నుంచి అనురాధపురం తిస్స వెవ దాకా సుమారు 87 కిలోమీటర్ల కాలువ తవ్వించాడు. పేరు జయ గంగ. మొదటి 17 మైళ్లలో ఈ కాలువ వాలు మైలుకు సుమారు 6 అంగుళాలు. ఒక మైలు నడిస్తే జానెడు కూడా దిగదు! 1,500 ఏళ్ల కిందట ఏ కొలతలతో పట్టారో ఆ వాలు, తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇంకో విశేషం, ఈ కాలువకు గట్టు ఒకవైపే ఉంటుంది, పల్లం వైపు. మెరక వైపు తెరిచే ఉంచారు. పైనుంచి వచ్చే వాన నీరు దారిలో ఎక్కడికక్కడ కలిసిపోతుంది. కాలువే పొడుగాటి చెరువు అయిపోయింది.

ధాతుసేనుడి చావు గురించి చూళవంశం అనే లంక రాజుల చరిత్ర గ్రంథం చెప్పే కథ ఉంది. కొడుకు కాశ్యపుడు తండ్రిని బంధించి, దాచిన ధనం ఎక్కడో చెప్పమన్నాడు. కలా వెవకు తీసుకెళ్తే చూపిస్తానన్నాడు తండ్రి. తీసుకెళ్లారు. ముసలి రాజు నీళ్లలో దిగి స్నానం చేసి, దోసిట్లో నీళ్లు తీసుకుని, నాకున్న ఆస్తంతా ఇదే అన్నాడు. అతన్ని గోడలో పెట్టి మూసేశారు. తర్వాత ఆ కాశ్యపుడు కట్టుకున్నదే సిగిరియా, మనవాళ్లు ఎక్కి సెల్ఫీలు దిగే ఆ బండ కోట. కథ అచ్చంగా ఇలాగే జరిగిందా అన్నది పక్కన పెట్టండి. ఒక రాజు గొప్పతనం చెప్పాలంటే ఆ జనానికి దోసెడు చెరువు నీళ్లు చాలాయి. నాకు అది ముఖ్యం.

ఇప్పుడు నేను గీసిన బొమ్మ చూడండి. పెద్ద చెరువు నిండింది. కట్ట అడుగున తూము. తూము ఎత్తగానే లోతులో ఉన్న నీరు ఎంత ఒత్తిడితో దూసుకొస్తుందో చెరువు కింద వ్యవసాయం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వేగానికి తూము గోడలు కోసుకుపోతాయి, తర్వాత కట్టే పోతుంది. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం "బిసోకొటువ". బిసో అంటే రాణి, కొటువ అంటే కోట. కట్ట లోపలి వాలులో నాలుగు పలకల బావి లాంటి గది కడతారు. లోపల చెక్కిన రాళ్లు పేరుస్తారు. చెరువు నీరు ముందు ఈ గదిలోకి వస్తుంది, అక్కడ దాని ఊపు తగ్గుతుంది, అప్పుడు కావలసినంత మేరకే బయటి తూములోకి వదులుతారు. హెన్రీ పార్కర్ అనే బ్రిటిష్ నీటిపారుదల ఇంజనీరు వీటిని పరిశీలించి, ఈనాటి వాల్వ్ చేసే పనే ఇవి చేశాయని 1909లో రాశాడు. ఇదే లేకపోతే మహాసేనుడి మిన్నేరియా, పొలొన్నరువలో పరాక్రమబాహు కట్టించిన పరాక్రమ సముద్రం లాంటి మహా చెరువులు సాధ్యమయ్యేవి కావు. మిన్నేరియా కట్టించిన మహాసేనుణ్ణి ఆ చుట్టుపక్కల వాళ్లు మిన్నేరి దేవుడిగా కొలుస్తారు. వాన నీటిలో చుక్క కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదు అన్నది పరాక్రమబాహు మాటగా చూళవంశంలో ఉంది.

రాజుల చెరువులు గొప్పవే. కానీ నా మనసు దోచింది ఊళ్ల చెరువులు. ఒక వాగు పొడవునా ఒకదాని కింద ఒకటి, పై చెరువు మత్తడి దూకిన నీరు, దాని పొలాల్లోంచి దిగిన నీరు, కింది చెరువులోకి. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు ఇంకేం వివరించాలి! వాళ్లు దీన్ని "ఎల్లంగావ" అంటారు. ఇలాంటి చిన్న చెరువులు అక్కడ ఈనాటికీ వేలల్లో ఉన్నాయి. 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఒక్క చెరువు దగ్గర ఆగి చూద్దాం. చెరువుకు ఎగువన చెట్ల వరుస, గస్‌గొమ్మన. గాలి నేరుగా నీటి మీద కొట్టకుండా ఆపి, ఆవిరయ్యేది తగ్గిస్తుంది. చెట్ల దగ్గరే గడ్డి పట్టీ, పెరహన. వచ్చే నీటిలో ఒండ్రును వడకడుతుంది. కట్ట దిగువన, పొలానికి ముందు, ఇంకో చెట్ల తోపు, కట్టకడువ. ఊట నీటితో వచ్చే ఉప్పును పొలంలోకి పోకుండా పీల్చుకుంటుంది. పొలం చివర కొంత పంట పిట్టల కోసం వదిలేస్తారు, దాని పేరు కురులు పాళువ.

అన్నిటికన్నా మించింది బెత్మ. వానలు సరిగా పడక చెరువులో నీరు సగమే ఉంది అనుకోండి. మన దగ్గర ఏమవుతుంది? తూము దగ్గరి పొలాలు పండుతాయి, చివరి ఆయకట్టు ఎండుతుంది. అక్కడ ఏం చేసేవారంటే, పంటకు ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఎంత నేల పండుతుందో లెక్క వేసేవారు. చెరువుకు దగ్గరగా ఉన్న ఆ కాస్త నేలనూ ఆ ఏటి మటుకు అందరికీ పంచేవారు. ఎవరి పట్టా అన్నది ఆ ఏడు లెక్కలో లేదు. ఆయకట్టు చివర పొలమున్నవాడికీ తిండిగింజలు దక్కుతాయి. కొన్ని ఊళ్లలో ఇది ఇంకా ఉంది. చివరి ఆయకట్టు ఎండితే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి కాబట్టి ఈ పద్ధతికి చేతులెత్తి దండం పెడుతున్నాను.

మన చెరువు కట్ట మీద కట్ట మైసమ్మ ఉన్నట్టే, వాళ్ల చెరువులకు అయ్యనాయక దేవుడు కాపలా. కోతలయ్యాక చెరువు దగ్గర కుండలు కట్టి మొక్కు తీర్చుకునే ముట్టి మంగల్యయ జరుపుతారు.

మరి ఇదంతా ఎలా చెదిరింది? 10వ శతాబ్దం చివర చోళుల దాడి, 1215లో కళింగ మాఘుడి దండయాత్ర, తర్వాత మలేరియా. జనం నైరుతి వైపు వెళ్లిపోయారు, పెద్ద చెరువులు చాలావరకు అడవిలో కలిసిపోయాయి. తీరం వైపు 1505లో పోర్చుగీసు, తర్వాత డచ్చి, 1796 నుంచి బ్రిటిష్. 1830లలో బ్రిటిష్ వాళ్లు రాజకారియ అనే వెట్టి చాకిరీని రద్దు చేశారు. అది దోపిడీ కూడా, పోవాల్సిందే. కానీ చెరువుల మరమ్మతు కూడా దాని మీదే నడిచేది, ఆ స్థానంలో ఇంకోటి రాలేదు. కట్టలు తెగితే కట్టేవాళ్లు లేరు. తర్వాత 1880లలో కలా వెవను వాళ్లే బాగు చేయించారు.

ఇంకో మాట దాటవేయకూడదు. చెరువు సింహళుల సొత్తు మాత్రమే కాదు. ఉత్తరాన వన్ని ప్రాంతంలో తమిళులు చెరువును "కుళం" అంటారు, మన "కొలను"కు చుట్టం ఆ మాట. కిలినొచ్చిలో ఇరణైమడు, మన్నార్‌లో కట్టుకరై కుళం. స్వాతంత్ర్యం వచ్చాక పెద్ద జలాశయాల కింద కొత్త కాలనీలు వేసినప్పుడు ఎవరిని తెచ్చి ఎక్కడ స్థిరపరచాలన్నది పెద్ద గొడవైంది. 1956లో గల్ ఓయ లోయలో రక్తం పారింది. 1983 నుంచి 2009 దాకా సాగిన యుద్ధానికి కారణాలు చాలా ఉన్నాయి: భాష, చదువు, ఉద్యోగాలు. వాటిలో నేల, నీరు కూడా ఉన్నాయి. ఊరి మనుషులు ఎండిన ఏట పంచుకున్న నీటిని దేశం పంచుకోలేకపోయింది.

నీటి గురించే ఇంకో దుఃఖం. 1990ల నుంచి అనురాధపురం వైపు రైతుల్లో అంతుబట్టని కిడ్నీ జబ్బు కనిపిస్తోంది. షుగర్ లేదు, బీపీ లేదు, కిడ్నీలు పోతున్నాయి. ఎండలో పని, తాగే నీరు, పురుగుమందులు... అనుమానాలు చాలా ఉన్నాయి, ఇదీ కారణం అని తేలలేదు. శ్రీకాకుళం ఉద్దానంలో ఉన్నవాళ్లు ఈ వాక్యం వింటే ఏమనుకుంటారో నాకు తెలుసు.

అదే అనురాధపురం జిల్లాలో కుడాగమ అని ఒక ఊరుంది. అక్కడి అహికుంటికులు పాములాడించే వృత్తి ఉన్నవాళ్లు. ఇళ్లలో మాట్లాడేది తెలుగు. సింహళ బడిలో చదివే పిల్లల నోట అది తగ్గిపోతోంది.

తెలుగు మూలాలవాళ్లు సింహాసనం మీదా కూర్చున్నారు. 1739లో, మధ్య కొండల్లో అప్పటికింకా స్వతంత్రంగా ఉన్న క్యాండీ రాజ్యంలో, రాజుకు వారసుడు లేక, మదురైని ఏలిన తెలుగు నాయకుల బంధువర్గం నుంచి వచ్చిన రాణి సోదరుడు రాజయ్యాడు. అక్కణ్ణుంచి 1815 దాకా నలుగురు. వాళ్లలో కీర్తిశ్రీ రాజసింహ సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి 1753లో బౌద్ధ సంఘాన్ని నిలబెట్టాడు. చివరివాడు శ్రీ విక్రమ రాజసింహ. క్యాండీ నడిబొడ్డున, బుద్ధుడి దంత ధాతువు ఆలయం ముందు కనిపించే చెరువు ఆయన తవ్వించిందే, 1807లో. పేరు కిరి ముహుద, పాలకడలి. ఎనిమిదేళ్లకే బ్రిటిష్ వాళ్లు ఆయన్ని పట్టుకుని వేలూరుకు పంపారు. 1832లో అక్కడే పోయాడు, సమాధి పాలారు ఒడ్డున ఉంది.

ఏటా జూలై, ఆగస్టుల్లో ఆ చెరువు పక్క నుంచే ఏసల పెరహెర సాగుతుంది. ఏనుగులు, కాగడాలు, డోళ్లు. ఒకప్పుడు అది దేవతల ఊరేగింపు మాత్రమే. దంత ధాతువును అందులో చేర్చింది కీర్తిశ్రీ రాజసింహ. మీరెప్పుడైనా వెళ్తే రాత్రి ఊరేగింపు చూసి తిరిగి రాకండి, ఆఖరి రోజు దాకా ఉండండి. తెల్లవారుజామున గెటంబె రేవులో, మహావేలి నది మధ్యకు పడవ మీద వెళ్లి, కత్తితో నీటిని కోస్తారు. కోసిన చోట కుండలు ముంచుతారు. పోయినేటి నీళ్లు నదిలో పోసేసి, ఈ కొత్త నీళ్లను గుడికి తీసుకెళ్లి, వచ్చే ఏడు దాకా దాచి ఉంచుతారు.