జెఫర్సన్‌కు అబిగైల్ ఆడమ్స్ రాసిన ఉత్తరాలు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

1785లో థామస్ జెఫర్సన్ పారిస్‌లో అమెరికా రాయబారి. లండన్‌లో రాయబారి జాన్ ఆడమ్స్. ఆయన భార్య అబిగైల్‌కూ జెఫర్సన్‌కూ నడిచిన ఉత్తరాలంటే నాకు ప్రాణం. దేశాల మధ్య ఒప్పందాలను చదివినంత శ్రద్ధగా వీటినీ చదవాలని నా గట్టి అభిప్రాయం.

మొదట్లో అన్నీ కొనుగోళ్ల సంగతులే. ఆవిడకు పారిస్ బూట్లు కావాలి, ఆయనకు లండన్ నుంచి చొక్కాలు, టేబుల్ క్లాత్‌లు కావాలి. భోజనాల బల్ల మీదికి నాలుగు దేవతల బొమ్మలు తెప్పించమని ఆవిడ అడిగింది. మీరు చెప్పినవాటిలో సైజు కుదిరినవి మినర్వా, డయానా, అపోలో మూడే దొరికాయి, అందాల దేవత వీనస్‌ను కూడా చూపించారు గానీ ఒకే బల్ల దగ్గర ఇద్దరు వీనస్‌లు బాగుండదని మార్స్‌ను తీసుకున్నాను అని సెప్టెంబరులో రాశాడాయన. పొగడ్తను ఎంత ఒడుపుగా చేర్చాడో చూడండి!

ఈ చనువు ఉంది కాబట్టే పెద్ద విషయాల్లో మొహమాటం లేకుండా విభేదించుకోగలిగారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో అప్పులు, పన్నుల భారంతో తిరగబడిన రైతులను, అంటే షేస్ తిరుగుబాటుదారులను, 1787 జనవరిలో ఆవిడ దుయ్యబట్టింది. అప్పుడప్పుడూ ఒక చిన్న తిరుగుబాటు నాకిష్టమే అని ఫిబ్రవరి 22న ఆయన జవాబిచ్చాడు. ఇప్పటికీ అందరూ ఉదహరించే ఆ మాట ఆవిడకు రాసిందే.

ఆ జూన్‌లో జెఫర్సన్ కూతురు పాలీ, ఎనిమిదేళ్ల పిల్ల, అట్లాంటిక్ దాటి లండన్‌లో దిగింది. తోడు వచ్చింది ఆ ఇంటి బానిస శాలీ హెమింగ్స్, ఆమె కూడా పసిదే. అబిగైల్ పాలీని అక్కున చేర్చుకుంది. తీసుకెళ్లడానికి తండ్రి తాను రాకుండా ఇంటి ఉద్యోగిని పంపాడు. అప్పుడు పాలీ అన్న మాటను అబిగైల్ ఆయనకు ఉన్నదున్నట్టు రాసేసింది: అందరినీ వదిలి సముద్రం దాటి వచ్చాను, నాన్నే వస్తాడనుకున్నాను, నాకు మాట అర్థంకాని మనిషిని పంపాడు అని.

1800 ఎన్నికల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఆడమ్స్‌ను జెఫర్సన్ ఓడించాడు. రాకపోకలు తెగిపోయాయి. 1804లో పాలీ పాతికేళ్లకే చనిపోతే, భర్తకు చెప్పకుండానే అబిగైల్ పరామర్శ రాసింది. జవాబులో జెఫర్సన్, ఆడమ్స్ దిగిపోతూ చేసిన నియామకాల మీద తన నొప్పి బయటపెట్టాడు. పరామర్శకు వచ్చిన మనిషితో ఆ మాట ఎత్తాల్సింది కాదు. ఇందులో తప్పు ఆయనదేనని నేనంటాను. ఆవిడా గట్టిగానే బదులిచ్చి, అక్టోబరులో ఉత్తరాలు ఆపేసింది.

1812లో మగవాళ్లిద్దరూ మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టారు. మరుసటేడు జులైలో భర్త ఉత్తరం చివర కాస్త చోటు చూసుకుని, పాత స్నేహితురాలి నమస్కారాలంటూ అబిగైల్ రెండు మాటలు చేర్చింది. ఆగస్టులో జెఫర్సన్ ఆవిడకే విడిగా జవాబు రాశాడు.