ఖాజాగూడ గుట్టల్లో దారి చూపేదెలా?

సంధానకర్త: నమస్కారం. సెలవు రోజు తెల్లవారితే చాలు, హైదరాబాద్‌ ఖాజాగూడ గుట్టల మీద నడిచేవాళ్లు, బండలెక్కేవాళ్లు కనిపిస్తారు. అక్కడి బాటలకు పేర్లు, గుర్తులు ఎలా ఉండాలి? విశ్రాంత అటవీ అధికారి, నడక బృందం నిర్వాహకురాలు, బోర్డుల రూపకర్త మనతో ఉన్నారు. మేడం, మీరు చెప్పండి.

నిర్వాహకురాలు: కొత్తవాళ్లు తప్పిపోయేది బండల మీదనండీ. మట్టిలో అయితే అడుగుజాడలు ఉంటాయి, రాతి మీద దారే మాయమవుతుంది. గుర్తు కావాల్సింది అక్కడ. మనవాళ్లేమో గేటు దగ్గర పెద్ద బోర్డు నిలబెట్టి, ఫొటో దిగి వెళ్లిపోతారు.

రూపకర్త: అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ అనే నడకబాట చూడండి. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు ఉన్న తెల్ల పట్టీ, అంతే. ఒకదానిపై ఒకటి రెండు పట్టీలుంటే ముందు మలుపుంది, చూసుకోమని. పక్క బాటలకు నీలం. అక్షరం ముక్కతో పని లేదు, రంగు డబ్బా, కుంచె చాలు.

అధికారి: ఆ కుంచె ఇక్కడికి తేకండి. ఇవి దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ బండలు. మీరు బాణం గుర్తు వేసిన మర్నాడే పక్కన ఎవరో తమ పేరు రాస్తారు. మట్టి ఉన్నచోట, నడుమెత్తున రాతి కడీలు పాతండి.

నిర్వాహకురాలు: రెండు వైపులా గుర్తు చెక్కించాలి, దిగేవాళ్లకూ కనబడాలి కదా. ప్రతి కడీకీ ఒక అంకె కూడా. కాలు బెణికినవాడు ఫోనులో "పెద్ద బండ పక్కన ఉన్నాను" అంటే 108 సిబ్బంది ఏ బండ దగ్గరికి రావాలి?

సంధానకర్త: మరి పేర్లు?

అధికారి: మనం కొత్తగా పెట్టేదేముంది? ఇక్కడి దర్గా పేరు మీద దీన్ని ఫక్రుద్దీన్ గుట్ట అంటూనే ఉన్నారు. గుహలో అనంత పద్మనాభస్వామి ఉన్నాడు. దర్గా బాట, గుడి బాట అంటే ఎవరికైనా తెలుస్తుంది. తిరుమల నడకదారిలో మోకాళ్ల పర్వతానికి ఏ కమిటీ పేరు పెట్టింది? వినగానే అక్కడ కాళ్లకు ఏం కానుందో అర్థమైపోతుంది!

రూపకర్త: బాటకు దాత పేరు పెడితే ఖర్చు వెళ్లిపోతుంది సర్.

అధికారి: దాత పేరు బెంచీ మీద వేయండి.

రూపకర్త: బెంచీకి అంత డబ్బు ఎవరిస్తారండీ?

నిర్వాహకురాలు: డబ్బు సంగతి తర్వాత. ముందు ఆ గుట్ట ఎరగని నలుగురిని నడవమందాం. వాళ్లు ఎక్కడ ఆగి దిక్కులు చూస్తే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకుందాం. కడీలు అక్కడే పాతవచ్చు.

అధికారి: సుద్ద అయితే నాకు అభ్యంతరం లేదు, వానకు పోతుంది.