వెంటిలేటర్ దిగాక గొంతులో మిగిలే గాయం

పెద్దలకు నమస్కారం. మన ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ఆస్పత్రుల నుంచి వచ్చిన నర్సింగ్ స్టాఫ్‌కి, కరోనా రోజుల్లో ఐసీయూ బయట రాత్రులు గడిపిన కుటుంబాలకి కూడా నమస్కారం. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. కరోనా అనగానే మనందరి చూపూ ఊపిరితిత్తుల మీదే పడింది. వాటికి గాలి తీసుకెళ్లే శ్వాసనాళాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

2021 సెకండ్ వేవ్ తర్వాత పర్లాకిమిడి దగ్గరి పల్లె నుంచి ఒకావిడ భర్తను తీసుకొచ్చింది. ఆయన రెండు వారాలకు పైగా వెంటిలేటర్ మీద ఉండి బతికి ఇంటికి చేరాడు. కొన్నాళ్లు బాగానే తిరిగాడు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఒకచోట ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారు, దాంతో ఏమీ తగ్గలేదు. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. "బాబూ, రాత్రి ఊపిరి తీస్తుంటే పక్క గదిలోకి వినబడతాది" అని ఆవిడ చెప్పింది. స్టెతస్కోపు ఆయన గొంతు మీద పెట్టి విన్నాను. గాలి లోపలికి పోయేటప్పుడు సన్నటి ఈల! ఆస్తమాలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తాయి. ఈయనకు శ్వాసనాళం ఇరుకైపోయింది.

ఎందుకలా అయిందో చెబుతాను. వెంటిలేటర్ గాలి కోసం నోట్లోంచి శ్వాసనాళంలోకి వేసే గొట్టం చివర్లో చిన్న బెలూన్ ఉంటుంది, దాన్నే కఫ్ అంటాం. మిషన్ ఇచ్చే గాలి పక్కల నుంచి లీకవకుండా, నోట్లోని ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి దిగకుండా అది ఆపుతుంది. అందులో ప్రెషర్‌ని ఎన్ని సెంటీమీటర్ల ఎత్తు నీటిని నిలపగలదో అన్న లెక్కలో కొలుస్తాం, అది 20 నుంచి 30 మధ్య ఉండాలి. 30 దాటితే శ్వాసనాళం లోపలి పొరకు రక్తం అందడం తగ్గిపోతుంది. మంచం పట్టిన మనిషికి వీపు మీద పుండు పడ్డట్టే లోపలా పుండు పడుతుంది. కింద ఉన్న మృదులాస్థి కూడా మెత్తబడవచ్చు. ఆ పుండు మానేటప్పుడు గట్టి మచ్చ కట్టి, చుట్టూ బిగుసుకుంటుంది. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే రోగి డిశ్చార్జ్ అయ్యేనాటికి ఏమీ కనిపించదు.

ఇది కరోనాతో కొత్తగా పుట్టిన జబ్బు కాదు. కఫ్ ఒత్తిడి శ్వాసనాళాన్ని ఎలా దెబ్బతీస్తుందో కూపర్, గ్రిల్లో అనే సర్జన్లు 1969లోనే చూపించారు. తర్వాతే తక్కువ ఒత్తిడి కఫ్‌లు వాడుకలోకి వచ్చాయి. కరోనాలో మాత్రం అన్నీ ఒకేసారి కలిశాయి. వైరస్ వల్ల లోపలి పొర ముందే వాచి ఉంది. గొట్టం వారాల తరబడి ఉంచాల్సి వచ్చింది. ఆక్సిజన్ పెరగాలని రోగిని రోజుకు 16 గంటల దాకా బోర్లా పడుకోబెట్టాం. తిప్పిన ప్రతిసారీ గొట్టం కదిలి రాసుకుంది. వైరస్ గదిలోకి లీకవుతుందన్న టెన్షన్‌తో కొన్నిచోట్ల కఫ్‌లో గాలి ఎక్కువ నింపారు. వెంటిలేటర్ రోగుల ప్రాణం నిలుపుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ అనే పరిశోధన తేల్చిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు కూడా పుండు మానడాన్ని ఆలస్యం చేయగలదు. అలాగని ఆ మందు ఆపాలని నేను అనను, ముందు ప్రాణం దక్కాలి కదా.

ఇంకో ప్రమాదం శ్వాసనాళం వెనక గోడకు ఉంటుంది. ముందు కఫ్, వెనక అన్నవాహికలో రైల్స్ ట్యూబ్, అంటే ముక్కులోంచి కడుపులోకి ఆహారం కోసం వేసే గొట్టం, రెండింటి మధ్యా ఆ గోడ నలిగితే రంధ్రం పడవచ్చు. నీళ్లు తాగిన ప్రతిసారీ దగ్గొస్తుంటే దీన్ని అనుమానించాలి.

కుటుంబాలకు ఒక మాట. పెద్దవాళ్ల శ్వాసనాళం లోపలి వెడల్పు 15 నుంచి 20 మిల్లీమీటర్లు. అది 8కి తగ్గేదాకా చాలామందికి తెలియదు. 5కి వచ్చేసరికి కూర్చున్నా ఈల వినిపిస్తుంది. అప్పుడు చిన్న కఫం ముద్ద అడ్డుపడినా ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా, ఏ భాషలో మాట్లాడినా, ముందు "వెంటిలేటర్ మీద ఉన్నాను" అని చెప్పండి. ఎన్ని రోజులున్నారో చెప్పండి. మన దగ్గర వైద్యం బరంపురంలో మొదలై విశాఖలోనో కటక్‌లోనో తేలుతుంది, దారిలో కాగితాలు పోతాయి. డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి.

గొంతుకు సీటీ స్కాన్, సన్నటి కెమెరా గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే బ్రాంకోస్కోపీ చేస్తే ఇరుకు ఎక్కడుందో, ఎంతుందో తెలుస్తుంది. బెలూన్‌తో వెడల్పు చేస్తాం, కొందరికి మళ్లీ బిగుసుకుంటుంది. అలాంటప్పుడు ఆ ముక్క కోసి తీసి రెండు చివర్లూ కలిపి కుట్టే ఆపరేషన్ ఉంది, సరైన రోగికి బాగా పనిచేస్తుంది. మొదట చెప్పిన ఆ పర్లాకిమిడి వైపు ఆయనకు చివరికి అదే చేయించాం. ఇప్పుడు పొలం పనికి వెళ్తున్నాడు.

నర్సమ్మలూ, ఇదిగో కఫ్ ప్రెషర్ గేజ్ తెచ్చాను. కఫ్‌కి కలిసి గొట్టం బయట ఉండే చిన్న బెలూన్ని వేళ్లతో నొక్కి అంచనా వేయడం నమ్మదగింది కాదు. బల్ల మీద గొట్టం పెట్టాను, ముందు వేళ్లతో నొక్కి ఎంతుందో చెప్పండి, తర్వాత గేజ్ తగిలించి చూద్దాం. ముందు వరుసలోంచి రండమ్మా.