అప్‌డేట్ ఎలా వస్తుంది, యాప్ ఎలా ఎక్కుతుంది

శ్రోతలకు నమస్కారం.

ఫోన్‌లో "సిస్టమ్ అప్‌డేట్ వచ్చింది" అని కనబడగానే "తర్వాత" అని పక్కకు నెట్టేసేవాళ్లే ఎక్కువ. మధ్యలో ఫోన్ ఆగిపోతే ఎలా అని భయం. ఒకప్పుడు ఆ భయంలో అర్థముంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు అప్‌డేట్ కోసం రికవరీ అనే వేరే మోడ్‌లోకి వెళ్లి, ఉన్న సిస్టమ్ మీదే కొత్తదాన్ని రాసుకునేవి. సగంలో ఛార్జింగ్ అయిపోతే పాతదీ ఉండేది కాదు, కొత్తదీ పూర్తయ్యేది కాదు.

2016లో ఆండ్రాయిడ్ 7 ఈ చిక్కుకు విరుగుడు తెచ్చింది. సిస్టమ్‌కు ఫోన్‌లో రెండు గదులు కేటాయించారు: ఎ ఒకటి, బి ఒకటి. మీరు ఎ మీద మాట్లాడుకుంటూ ఉండగానే కొత్త సిస్టమ్ చడీచప్పుడు లేకుండా బి లోకి చేరుతుంది. రీస్టార్ట్ చేస్తే ఫోన్ బి నుంచి లేస్తుంది. బి లేవలేకపోతే, కొన్నిసార్లు ప్రయత్నించి, తనంతట తానే ఎ కి తిరిగొస్తుంది. అన్ని కంపెనీలూ ఈ పద్ధతిని వెంటనే అందుకోలేదు గానీ ఇప్పుడు వస్తున్న ఫోన్లలో ఇదే మామూలు.

రెండు గదులంటే రెట్టింపు చోటు. అందుకని 2020లో ఆండ్రాయిడ్ 11తో ఇంకో ఉపాయం వచ్చింది. మారిన భాగాలను మాత్రం మీ ఫొటోలు, వీడియోలు ఉండే చోటే తాత్కాలికంగా పెట్టి, రీస్టార్ట్ అయ్యాక అసలు సిస్టమ్‌లో కలిపేస్తారు. అప్‌డేట్‌కు "స్టోరేజ్ చాలదు" అని ఫోన్ మొరాయించడానికి కారణం ఇదే. నాలుగైదు జీబీలు ఖాళీగా ఉంచుకుంటే చాలావరకు ఇబ్బంది రాదు. అప్‌డేట్ అయిన రోజు ఫోన్ కాస్త వేడెక్కినా, బ్యాటరీ తొందరగా దిగినా కంగారు పడి రీసెట్ కొట్టకండి. యాప్‌లను కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు సర్దే పని వెనక నడుస్తూ ఉంటుంది. ఆ పని ఎక్కువగా ఫోన్ ఖాళీగా, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే జరుగుతుంది. ఒక రాత్రి ఛార్జర్‌కు పెట్టి వదిలేయండి.

పక్కింటివాళ్లదీ మనదీ ఒకే మోడల్, వాళ్లకు వచ్చింది, మనకు రాలేదు. దీనికీ కారణముంది. కంపెనీ ముందు కొద్దిమందికే పంపి, లోపాలు బయటపడకపోతే మిగతావాళ్లకు వదులుతుంది.

సెట్టింగ్స్‌లో "ఫోన్ గురించి" అన్న చోట, ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఉంటుంది. మామూలుగా అది నెలలో 1 గానీ 5 గానీ. 1 అంటే ఆండ్రాయిడ్‌లోని లోపాలకు మందు పడింది; 5 అంటే దాంతోపాటు కెర్నల్‌కు (సిస్టమ్‌కు అడుగున ఉండి, ఫోన్ పరికరాలను నడిపే మూల భాగం), చిప్ భాగాలకూ పడింది. ఆ తేదీ ఏడాది వెనక ఉండి, కొత్త అప్‌డేట్లూ రాకపోతే, ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్ పెట్టుకునే ముందు ఆలోచించాలి.

ఇక యాప్‌ల సంగతి. యాప్ అంటే ఏపీకే అనే ఒక మూట. మూట విప్పే ముందు ఫోన్ దాని మీద తయారీదారు వేసిన డిజిటల్ సంతకం చూస్తుంది. అదే పేరుతో యాప్ ముందే ఉంటే పాత సంతకంతో పోల్చి చూస్తుంది, వెర్షన్ నంబరు తగ్గలేదు కదా అనీ చూస్తుంది. తేడా ఉంటే "యాప్ ఇన్‌స్టాల్ కాలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. స్నేహితుడి ఫోన్ నుంచి పంపించుకున్న ఏపీకే పని చేయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ప్లే స్టోర్ ఇప్పుడు చాలా యాప్‌లను ముక్కలుగా చేసి, ఏ ఫోన్ ప్రాసెసర్‌కు, తెరకు, భాషకు కావలసినవి ఆ ఫోన్‌కే ఇస్తుంది. అతని ఫోన్‌కు కుదిరిన ముక్కలు మీ ఫోన్‌కు కుదరకపోవచ్చు.

సంతకం ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికి మాత్రం లేదు. మొన్న ఇచ్చినవాడే ఇవాళా ఇచ్చాడని చెప్పడమే దాని పని. వాడు మంచివాడో దొంగో అది చెప్పదు. సంతకం దొంగా పెట్టగలడు. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే వస్తే అదే మోసం. పెళ్లి పత్రిక బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ ఇన్‌స్టాల్ చేయమని అడగదు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, బయటి యాప్ ఎక్కించేటప్పుడు "ఈ సోర్స్‌ను అనుమతించాలా" అని ఫోన్ విడిగా అడుగుతుంది. అక్కడే ఆగిపోండి. దాటేస్తే ఆ యాప్ తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీద ఉన్నది చదివి, మీ బదులు నొక్కగలిగే హక్కు) అడుగుతుంది. ఓటీపీలు దొంగ చేతికి చేరేది వాటి వల్లే.

పొరపాటున ఎక్కించేశారనుకోండి. ముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అదనపు పెత్తనం ఉన్న యాప్‌లు) జాబితాల్లో ఆ యాప్‌ను ఆపి, అప్పుడు తీసేయండి. అడ్మిన్ హక్కు చేతిలో ఉన్నంతసేపు అది అన్‌ఇన్‌స్టాల్ కాదు.