తుపాను వేళ హ్యామ్ రేడియో: సెట్టు కంటే చీటీ ముఖ్యం

శ్రోతలకు నమస్కారం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి తగ్గేసరికి నగరంలో కరెంటు లేదు, ఫోన్లు చాలావరకు మూగబోయాయి. సెల్ టవర్లు కూలితేనే ఫోన్లు పోతాయని అనుకుంటాం గానీ, టవరు నిలబడి ఉన్నా పనిచేయకపోవచ్చు. దాని బ్యాటరీలు వచ్చేది కొన్ని గంటలే. తర్వాత జనరేటరుకు డీజిల్ పోయాలి. డీజిల్ రావాలంటే రోడ్డుకు అడ్డం పడ్డ చెట్లు తీయాలి. ఈలోగా ఎక్కడో ఫైబర్ కేబుల్ తెగిందంటే టవరుకు కరెంటున్నా ప్రయోజనం లేదు. హ్యామ్ రేడియోకు ఈ గొలుసంతా అక్కర్లేదు. ఈ చివర ఒక సెట్టు, ఆ చివర ఒక సెట్టు ఉంటే చాలు.

హ్యామ్‌లంటే కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సరదా కోసం రేడియో నడిపే మామూలు మనుషులు. జీతం ఉండదు, సెట్టూ సొంతానిదే. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ ఆధ్వర్యంలో ఒక హ్యామ్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. అండమాన్ నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడడమే ఆ యాత్ర ఉద్దేశం. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. సరదాకు బిగించిన ఆ స్టేషనే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య క్షేమ సమాచారం మోసింది. ఈ యాత్ర వెనుక ఉన్నది హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నై వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం. అంత దూరానికి 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్, అంటే హ్యామ్‌లు వాడే ఫ్రీక్వెన్సీ పట్టీల్లో ఒకటి, పగలు బాగా పనిచేస్తుంది. అదే సెట్టు అమలాపురంలో పెట్టి, 150 కిలోమీటర్లలో ఉన్న విజయవాడను పిలవండి, పలకదు. రేడియో తరంగం ఆకాశంలోని పై పొరలకు తగిలి, విజయవాడ నెత్తి మీదుగా దాటిపోయి ఎక్కడో దూరాన దిగుతుంది. ఢిల్లీ ఆపరేటరు వింటాడు, పక్క జిల్లావాడు వినడు. తుపానులో మనకు కావలసింది పక్క జిల్లాయే.

అందుకు పగలు 7 మెగాహెర్ట్జ్, రాత్రి 3.5 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వాడతారు. యాంటెన్నాను ఎత్తుగా కాకుండా నాలుగైదు మీటర్ల ఎత్తులోనే కడతారు. అప్పుడు తరంగం దాదాపు నిటారుగా పైకి వెళ్లి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర వానలా దిగుతుంది. తీగ కొలత కష్టం కాదు: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి సుమారు 20 మీటర్లు, అంటే మధ్యలో సెట్టు నుంచి వచ్చే కేబుల్ తగిలించి అటు పది, ఇటు పది. రెండు కొబ్బరి చెట్లు, నైలాన్ తాడు ఉంటే యాంటెన్నా లేచినట్టే. కేబుల్ తగిలించే చోట నీళ్లు దిగకుండా టేపు చుట్టడం మరిచిపోతే మాత్రం, మొదటి వానకే కేబుల్ లోపలి అల్లిక తడుస్తుంది. ఆ తర్వాత ఎంత పవర్ పంపినా చాలాభాగం కేబుల్ లోనే పోతుంది.

ఊళ్లో చేతిలో పట్టుకు తిరిగే చిన్న సెట్టును హ్యామ్‌లు హ్యాండీ అంటారు. ఐదు వాట్ల హ్యాండీ చెట్లూ ఇళ్లూ ఉన్న నేల మీద నాలుగైదు కిలోమీటర్లు వస్తే గొప్పే. కొండ మీద రిపీటర్, అంటే విన్న మాటను మళ్లీ గట్టిగా పంపే స్టేషన్ ఉంటే దూరం బాగా పెరుగుతుంది గానీ, దానికీ కరెంటు కావాలి, దాని యాంటెన్నా కూడా గాలికి విరుగుతుంది. రిపీటర్‌ను నమ్ముకుని వేసిన ప్రణాళిక ప్రణాళికే కాదు. రిపీటర్ పోతే ఏ ఫ్రీక్వెన్సీలో నేరుగా కలవాలో ముందే కాగితం మీద రాసి ఉండాలి.

ఇక బ్యాటరీ. వంద వాట్ల సెట్టు వినేటప్పుడు ఒక ఆంపియర్ తీసుకుంటే, మాట్లాడేటప్పుడు ఇరవై దాకా లాగుతుంది. మాటల మధ్య విరామాలు కలిపి సగటున పది అనుకుందాం. రోజులో రెండు గంటలు మాట్లాడి, మిగతా 22 గంటలు వింటే 42 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క) ఖర్చు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కాబట్టి, వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్క రోజుకే సరి. పవర్‌ను 100 నుంచి 25 వాట్లకు తగ్గిస్తే అవతలివాడి మీటరు మీద ఒక్క గీతే తగ్గుతుంది, బ్యాటరీకి మాత్రం బోలెడంత ఊరట. అయినా చాలామంది వందలోనే అరుస్తారు.

ఇంటి వైరింగ్ తీగ తెచ్చి సెట్టుకు కలపడం మరో పొరపాటు. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ మూడు మీటర్ల పొడవున, రానూపోనూ ఆరు మీటర్లు వాడారనుకోండి. ఇరవై ఆంపియర్లు పారగానే దాదాపు 1.4 వోల్టులు తీగలోనే మాయమవుతాయి. బ్యాటరీ దగ్గర 12.6 ఉన్నా సెట్టుకు అందేది 11.2. మైకు నొక్కి గట్టిగా మాట్లాడిన ప్రతిసారీ సెట్టు ఆరిపోతుంది, తప్పేమో సెట్టు మీదికి వెళుతుంది. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, బ్యాటరీ మొదట్లోనే ఫ్యూజు పెడితే ఈ బాధ ఉండదు.

ఇంత చేసినా అసలు పని ఇంకా మొదలుకాలేదు. విపత్తులో ఎక్కువ నష్టం చేసేది సెట్టు కాదు, తప్పుగా అందిన కబురు. అందుకే హ్యామ్‌లు ప్రతి సందేశాన్నీ ముందు చీటీ మీద రాయిస్తారు: వరుస సంఖ్య, ఎంత అత్యవసరం, ఎక్కడి నుంచి, ఎవరికి, టైము, మాటల లెక్క, కింద పంపినవారి పేరు, హోదా. ఉదాహరణకు: ‘పాముకాటు బాధితుడు ఒకరు వయసు 40 యాంటీవెనమ్ కావాలి దారి మునిగింది పడవ పంపండి.’ పదకొండు మాటలు. అవతల రాసుకున్నవాడు లెక్కపెడితే పది వచ్చాయంటే ఏదో జారిపోయింది. జారిపోయింది ‘పడవ’ అయితే, ‘పంపండి’ అన్న మాట చూసి అంబులెన్సు బయలుదేరి నీళ్ల దగ్గర ఆగిపోతుంది.

అంకెలు విడివిడిగా చెప్పాలి. గరగర శబ్దంలో మూడు, ఏడు రెండూ ‘డు’గానే వినిపిస్తాయి. అవతలివాడు తిరిగి చదివి వినిపించేదాకా ఆ సందేశం చేరినట్టు కాదు. ఊరి పేరు ఒక్కటే చాలదు, మండలం కూడా చెప్పాలి. కొత్తపల్లెలూ కొత్తపేటలూ చాలా జిల్లాల్లో ఉన్నాయి. చనిపోయినవారి పేర్లు గాలిలో చదవకపోవడం మంచిది. హ్యామ్ సందేశం రహస్యం కాదు, సెట్టున్న ఎవరైనా వింటారు. కుటుంబానికి ఆ కబురు అలా తెలియకూడదు.

అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అందదు. అందుకే నెట్ కంట్రోల్ అని ఒక స్టేషన్ ఉంటుంది. అది పిలిస్తేనే మాట్లాడాలి, అత్యవసరమైతేనే మధ్యలో రావాలి. మంచి హ్యామ్ ఎక్కువసేపు చేసే పని వినడమే. ఇది చెప్పినంత సులువు కాదు, కొత్తగా వచ్చినవారికి వేలు ఊరికే మైకు మీదికి పోతూ ఉంటుంది.

తీరంలో గాలివానలు మొదలవుతాయనుకునే సమయానికి కనీసం 48 గంటల ముందు వాతావరణ శాఖ సైక్లోన్ అలర్ట్, 24 గంటల ముందు సైక్లోన్ వార్నింగ్ ఇస్తుంది. అలర్ట్ రాగానే బ్యాటరీలు నిండా ఛార్జి చేసి, మండల కేంద్రానికి చేరిపోవాలి. ఆ తర్వాత రోడ్లు ఉండవు. వార్నింగ్ నాటికి యాంటెన్నా కట్టి, పరీక్షించి, గాలి పెరిగేముందు దించేయాలి. దించడమేమిటని అడుగుతారు. తీరం దాటే గంటల్లో ఏ తీగా నిలవదు, పైగా పిడుగు భయం. తుపాను కన్ను మీదుగా పోతే గాలి హఠాత్తుగా ఆగుతుంది, దాన్ని చూసి యాంటెన్నా ఎత్తకూడదు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.

మీ ఊరికి హ్యామ్ వస్తే అతనికి కావలసినవి తక్కువే. రెండు చెట్లున్న ఖాళీ జాగా, నీళ్లు చేరని గది, బల్ల. ఛార్జింగుకు ఊళ్లో ట్రాక్టరు ఉంటే సరిపోతుంది, దాని బ్యాటరీ కూడా 12 వోల్టులదే. సందేశం అధికారి సంతకంతో రావాలి. మామూలు రోజుల్లో ఇతరుల కబుర్లు మోయడానికి హ్యామ్‌కు అనుమతి ఉండదు. ఫోన్లు పోయిన విపత్తులో కలెక్టరు వంటి అధికారులు పంపే సందేశాలకే నిబంధనల్లో వీలుంది. కాబట్టి ‘మా బాబాయికి ఒక్క మాట చెప్పండి’ అని గుంపుగా కిటికీ దగ్గర చేరితే, అతను కాదంటే కోపగించుకోకండి.

పన్నెండేళ్లు నిండినవారెవరైనా ఈ పరీక్ష రాయవచ్చు. రెండు గ్రేడ్లున్నాయి, రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతి) అక్కర్లేదు. ప్రశ్నలు రేడియో సిద్ధాంతం మీద, నిబంధనల మీద ఉంటాయి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే హ్యాండీలను మాత్రం లైసెన్సు రాకముందే కొని మాట్లాడకండి, అది నేరం.