షెల్ స్క్రిప్ట్‌లో సర్వర్ పేరు నుంచి ఐపీ అడ్రస్ సరిగ్గా తీయడం ఎలా?

నమస్కారమండీ, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు పని చిన్నదే. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు ఉందనుకోండి. అక్కడి బిల్లింగ్ డేటాని రోజూ రాత్రి బ్యాకప్ సర్వర్‌కి పంపాలి. స్క్రిప్ట్‌కి సర్వర్ పేరు తెలుసు, ఐపీ అడ్రస్ కావాలి.

చాలామంది వెంటనే పేరుకి అడ్రస్ వెతికే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్ కొట్టి, 'అడ్రస్' అన్న లైన్‌ని గ్రెప్ చేసేస్తారు, అంటే ఆ మాట ఉన్న లైన్లని ఏరుకుంటారు. ఒక్కసారి స్క్రీన్ మీద అవుట్‌పుట్ చూడండి. మొదటి అడ్రస్ లైన్‌లో 127.0.0.53, పక్కనే హ్యాష్, 53 అని ఉంది కదా. ఉబుంటులో మామూలుగా ఇలాగే వస్తుంది. అది మనం అడిగిన సర్వర్‌ది కాదు, మనకి జవాబు చెప్పిన డీఎన్ఎస్‌ది, అంటే పేర్లకి అడ్రస్‌లు చెప్పే సర్వర్‌ది. 53 దాని పోర్టు నంబరు. మనకి కావాల్సింది కింద, 'నేమ్' లైన్ తర్వాత వచ్చే అడ్రస్.

"అయితే టెయిల్‌తో చివరి లైన్ తీసుకుంటే సరిపోతుందిగా?" అంటారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పేరు తప్పుగా ఉంటే జవాబు రాదు, అప్పుడు మిగిలే అడ్రస్ లైన్ ఆ డీఎన్ఎస్‌ది ఒక్కటే. హ్యాష్ దగ్గర కత్తిరించి వాడారో, 127తో మొదలయ్యేది మన సొంత మెషీనే! డేటా గడప దాటదు, ఎర్రర్ కూడా కనపడకపోవచ్చు. సీజన్‌లో రైతుల లెక్కలు అలా వదిలేయడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఎన్‌ఎస్‌లుకప్పే వాడాలంటే, లైన్లని ఒక్కొక్కటిగా చూసే ఆక్ కమాండ్‌లో 'నేమ్' లైన్ కనపడ్డాకే అడ్రస్‌లు తీసుకోమని చెప్పండి. కానీ ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌లో ఉండే బిజీబాక్స్ ఎన్‌ఎస్‌లుకప్ అవుట్‌పుట్ వేరేలా ఉంటుంది. అందుకే నేనైతే డిగ్ అనే ఇంకో కమాండ్ వైపే మొగ్గుతాను.

డిగ్, ప్లస్ షార్ట్, సర్వర్ పేరు. జవాబు మాత్రమే వస్తుంది. ఇందులోనూ రెండు విషయాలు గమనించాలి. ఆ పేరు ఇంకో పేరుకి మారుపేరైతే, చివర చుక్కతో ఆ పేరు కూడా ఒక లైన్‌గా వస్తుంది. డీఎన్ఎస్ అందకపోతే రెండు సెమీకోలన్‌లతో మొదలయ్యే మెసేజ్ వస్తుంది. అంకెలు, చుక్కలు తప్ప ఇంకేమీ లేని లైన్లనే గ్రెప్‌తో ఉంచుకుంటే రెండూ పోతాయి. కమాండ్ సఫలమైందో లేదో చెప్పే ఎగ్జిట్ కోడ్‌ని మాత్రం నమ్మకండి. పేరు లేకపోయినా డిగ్ సున్నానే, అంటే సఫలమనే ఇస్తుంది. జవాబు దాచుకున్న వేరియబుల్ ఖాళీగా ఉందా లేదా అన్నదే చూడండి, ఖాళీ అయితే స్క్రిప్ట్ అక్కడే ఆగాలి.

ఇంకో మాట. డిగ్ మన మెషీన్‌లో పేర్లు, అడ్రస్‌లు రాసుకునే హోస్ట్స్ ఫైల్ చూడదు. ఆఫీసు సర్వర్ పేరు అందులో రాసుకుని ఉంటే గెట్‌ఎంట్ కమాండ్ వాడండి, అందులో 'ఏహోస్ట్స్‌వీ4' అని ఇవ్వండి. ఒకే అడ్రస్ మూడు లైన్లలో కనిపిస్తుంది, కంగారు పడకండి. మొదటి లైన్‌లో మొదటి కాలమ్ తీసుకుంటే చాలు.

ఇప్పుడు సర్వర్ పేరు స్థానంలో 'డాట్ ఇన్‌వాలిడ్'తో ముగిసే పేరు పెట్టి నడపండి. ఆ ముగింపుతో అసలు డొమైన్లు ఉండవు, కచ్చితంగా చెల్లని పేర్ల కోసమే దాన్ని కేటాయించారు. స్క్రిప్ట్ ఏదీ పంపకుండా ఆగిందా? అయితే అసలు పేరు పెట్టి, రోజూ అనుకున్న టైముకి నడిపే క్రాన్‌లో వేసేయండి.